శ్యామలాదేవి చెప్పని పేర్లు

ఎర్లాంగెన్,
జర్మనీ, ఫిబ్రవరి 2021

చిరంజీవి శశికాంత్‌కు ఆండాళ్ పిన్ని దీవెనలు.

మీ అమ్మ అంత్యక్రియలు అయినప్పటి నుంచి నీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఒకసారి ఎత్తావు, "తర్వాత మాట్లాడతా పిన్నీ" అని పెట్టేశావు. ఆ తర్వాత ఎత్తనే లేదు. అందుకే కాగితం తీసుకున్నాను. ఉత్తరాన్ని నువ్వు మధ్యలో పెట్టేయలేవు.

కరోనా వచ్చి నువ్వు ఆకెన్‌లో గది దాటలేని రోజుల్లోనే ఆమె ఇక్కడ ఆసుపత్రిలో పోయింది. కొడుకు లేకుండానే సాగనంపాం. అది నిన్ను తొలుస్తూ ఉంటుందని తెలుసు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. శ్మశానంలోకి కొద్దిమందినే రానిచ్చారు. నేను, ప్రయోగశాలలో ఆమెతో పనిచేసిన ఇద్దరు జర్మన్ ఆడవాళ్లు, తెలుగు సంఘం అధ్యక్షుడు చలపతి గారు, ఇంకొందరు. మంచు పడుతోంది. అస్థికల పాత్రను గోతిలోకి దించుతుంటే ఎందుకో తలెత్తి చూశాను. ప్రహరీ అవతల, రోడ్డు మీద, ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకరికొకరు దూరంగా, ముఖాలకు మాస్కులతో. లోపలికి వస్తామని అడగలేదు. తమలో తాము మాట్లాడుకోలేదు. అయిపోగానే ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు.

"వాళ్లెవరమ్మా?" అన్నారు చలపతి గారు. తెలియదన్నాను.

వేసవిలో ఆంక్షలు సడలితే సంస్మరణ సభ పెడతారట. ముప్పై ఏళ్లుగా మనవాళ్ల కోసం తిరిగిన మనిషి గురించి కొడుకు మాట్లాడితే బాగుంటుందని ఆయన కోరిక. నాదీ అదే. ఆలోచించి జవాబు రాయి. తెలుగులోనే రాయి. నాలుగో తరగతి దాకా ఇండియాలోనే చదివావు, రాదని తప్పించుకోకు.

గీతికను అడిగానని చెప్పు.

పిన్ని,
ఆండాళ్


ఆకెన్,
మార్చి 2021

ఆండాళ్ పిన్నికి నమస్కారం.

మీరన్నది నిజమే. ఫోన్‌లో అయితే పోట్లాడేవాణ్ని.

సభలో మాట్లాడమంటున్నారు. ఏం మాట్లాడను? చలపతి గారు ఇప్పటికే ఒక కాగితం పంపారు. ఉగాది పండుగలు, పిల్లలకు ఆదివారం తెలుగు బడి, కొత్తగా వచ్చిన స్టూడెంట్లకు గదులు చూసిపెట్టడం, ఆన్‌మెల్డుంగ్ అంటూ చిరునామా నమోదుకు వాళ్ల వెంట ఆఫీసుల చుట్టూ తిరగడం. "అందరి అమ్మ శ్యామలాదేవి" అని పైన పెద్ద అక్షరాలు. చదివి నవ్వొచ్చింది పిన్నీ. అందరి అమ్మే. ఎర్లాంగెన్‌లో నా పెళ్లిభోజనాల్లో ఆమె విస్తరి ముందు కూర్చుంది. ఫోన్ మోగింది. లేచి వెళ్లింది. మళ్లీ మర్నాడు సాయంత్రం కనిపించింది. ఎక్కడికి వెళ్లావని అడిగితే "పని పడిందిరా" అంది. గీతిక వాళ్ల వాళ్లకు నేనేం చెప్పుకున్నానో మీకు తెలియదు. నాన్న పోయిన ఏడు కూడా అంతే. ఇంట్లో నేనొక్కణ్నే, పక్క గదిలో ఎవరో తెలియని ఆవిడ, ఆవిడ పిల్లలు. పేరు అడిగితే "నీకెందుకు" అనేది.

గోడ అవతల నిలబడ్డవాళ్లెవరో మీకు తెలుసు. చలపతి గారికి తెలియదని చెప్పండి, పరవాలేదు. నాకూ అలాగే చెబుతారా? కొడుకుగా నాకు ఆ మాత్రం హక్కు లేదా?

మీరు చెబితే మాట్లాడతాను. లేకపోతే ఆ కాగితం చదివి దిగిపోతాను.

శశికాంత్


ఎర్లాంగెన్,
మార్చి 2021

చిరంజీవి శశికి,

కోపంగా రాశావు. చదివి బాధపడ్డాను గానీ తప్పు పట్టను.

మీ అమ్మ ఈ పనిలోకి ఎలా వచ్చిందో చెబుతాను. మీరు వచ్చిన కొత్తలో ఇంటి యజమాని ఒకడు మన తెలుగు కుర్రాడొకడి సామాను మెట్ల మీదికి విసిరేశాడు. వీధిలో వెళుతున్న శ్యామల ఆ మెట్ల మీదే, ఆ సామాను పక్కనే కూర్చుంది. అప్పటికి ఆమెకు జర్మన్ నాలుగు ముక్కలు కూడా రాదు. యజమాని వచ్చి లెమ్మంటే లేవలేదు, పోలీసుల్ని పిలుస్తానంటే తలూపింది. చివరికి అతనే తలుపు తీశాడు. పరాయి దేశస్థుల ఇళ్లకు నిప్పు పెడుతున్న రోజుల్లో నిరసనగా కొవ్వొత్తులు పట్టుకుని నడిచినవాళ్లలో చీర కట్టుకున్నది ఆమె ఒక్కతే. వెనకాల నేను వణుకుతూ నడిచాను.

తర్వాత బ్లూ కార్డుల మీద కుటుంబాలు రావడం మొదలైంది. భర్త ఉద్యోగం మీద భార్య వీసా. ఇంట్లో దెబ్బలు తిన్నా బయటికి వస్తే ఇండియాకు పంపేస్తారని ఆ ఆడపిల్లల భయం. అలా పంపరని, దానికి వేరే దారి ఉందని శ్యామల చట్టం చదివి తెలుసుకుంది. వీసా ఆఫీసులో టెర్మిన్ తీసుకుని, ఇచ్చిన సమయానికి వెళ్లి వాళ్ల పక్కన కూర్చునేది. "మీరు ఈమె బంధువులా?" అని అధికారి అడిగితే, "కాదు. ఈమె చెప్పడం పూర్తయ్యేదాకా నేను లేవను," అనేది. అదే మెట్ల మీద కూర్చున్న మనిషి.

ఎవరెవరు అని అడగకు. ఆ పేర్లు ఆమె నాకే అన్నీ చెప్పలేదు. తెలిసినవి నేను ఫోన్‌లో చెప్పను, వాట్సాప్‌లో చెప్పను, కాగితం మీద పెట్టను. నీ మీద నమ్మకం లేక కాదు. వాళ్లలో కొందరి కోసం ఇప్పటికీ వెతుకుతున్నారు.

సభలో నువ్వు మెట్ల సంగతి చెప్పు. కొవ్వొత్తుల సంగతి చెప్పు. అది చాలు.

పిన్ని


ఆకెన్,
ఏప్రిల్ 2021

ఆండాళ్ పిన్నికి,

మీరు చెప్పకపోయినా నాకు కొంత దొరికింది.

అమ్మ కంప్యూటర్ గీతిక తెరిచింది. అందులో ఒక ఫొటో. అమ్మ, పక్కన ఒకావిడ, వాళ్లిద్దరి మధ్య స్కూలు సంచీతో ఓ పాప. ముగ్గురూ ఎండకు కళ్లు చికిలించి నవ్వుతున్నారు. అమ్మ అలా నవ్వడం నేను చూసి ఎన్నాళ్లయిందో. సభలో పెద్దగా వేయిద్దామని ముఖాల వరకు కత్తిరించి సంఘం గ్రూపులో పెట్టాను. వీరెవరో తెలిస్తే చెప్పండి, సభకు పిలుస్తాం అని రాశాను.

సాయంత్రానికే రావు అనే ఆయన నాకు విడిగా రాశారు. చాలా మర్యాదస్తుడు. ఆమె పేరు మంగ అట, తనకు చెల్లెలి వరస అట. కష్టంలో ఉన్నప్పుడు మీ అమ్మగారే నిలబడ్డారు, మధ్యలో మాకు రాకపోకలు తెగిపోయాయి, ఆచూకీ తెలిస్తే నేనే సభకు తీసుకొస్తాను అన్నారు. పూర్తి ఫొటో అడిగితే పంపాను. వెనక బడి బోర్డు మీద జీగెన్ అని ఊరి పేరు కూడా కనిపిస్తోంది. చాలా సంతోషించారు.

అమ్మ గురించి ఒక మంచి మాట పరాయివాళ్ల నోటి నుంచి వినడం ఇంత బాగుంటుందని అనుకోలేదు. మీ దాపరికం అంతా అనవసరమేమో పిన్నీ. వాళ్లకూ చెప్పుకోవాలనే ఉందేమో.

శశి


ఎర్లాంగెన్,
ఏప్రిల్ 2021

శశీ,

ఫోన్‌లో నీ మీద అరిచాను. ఈ ఉత్తరం నీకు అందేసరికి నువ్వు జీగెన్ వెళ్లి ఉంటావు. అయినా రాస్తున్నాను. కాగితం మీద పెట్టనన్నదే ఇప్పుడు పెడుతున్నాను, ఇక దాచి లాభం లేదు.

రావు అని రాసినవాడు లక్ష్మణరావు. మంగ భర్త. విడాకులయ్యాయి, ఇప్పుడు భర్త కాదు. ఎర్లాంగెన్‌లోనే ఉద్యోగం చేసేవాడు, అందరితో మెత్తగా మాట్లాడేవాడు. మంగ చెయ్యి విరిచినప్పుడు ఆసుపత్రిలో "మెట్ల మీద జారిపడింది" అని తనే చెప్పాడు. అక్కడికి దుబాసీగా వెళ్లింది మీ అమ్మ. డాక్టర్ అడిగినదానికి మంగ తెలుగులో ఏమీ జవాబివ్వలేదు. లక్ష్మణరావు వైపు చూసింది, అంతే. శ్యామల డాక్టరుతో, "ఈయన్ని బయటికి పంపితే గానీ నేను అనువాదం చేయను," అంది.

అప్పటికి వాళ్ల పాప ఈషా చంకలో పిల్ల. నీ పెళ్లిరోజున వచ్చిన ఫోన్ మంగది. స్నానాల గదిలో గడియ పెట్టుకుని చేసింది. భోజనం చేసి వెళదామని శ్యామల అనుకుని ఉంటే మంగ ఏమయ్యేదో నాకు తెలియదు.

కోర్టు పాపను తల్లికే ఇచ్చింది. దగ్గరికి రాకూడదని అతనికి ఆజ్ఞ వేసింది. చిరునామా ఎవరడిగినా ఇవ్వకూడదని ప్రభుత్వ రిజిస్టరులో నిషేధం రాయించారు. అతను ఉద్యోగం మారి మ్యూనిక్ వెళ్లాడు గానీ వెతకడం మానలేదు. ఇన్నేళ్లు దొరకనిది ఒక ఫొటోతో దొరికింది.

మంగకు ఫోన్ చేశాను. "అక్కా, మేం నిన్ననే ఒకడిని చూసినం, మాస్కు పెట్టుకున్నడు, గుర్తుపట్టలే," అంది. పాపను బడికి పంపొద్దన్నాను. నాకు నిలబడే శక్తి లేదు, రైలెక్కే ధైర్యం లేదు. నువ్వే వెళతానన్నావు. వెళ్లు. తలుపు దగ్గర నా పేరు చెప్పు. గొడవ పడకు. పోలీసుల నంబరు చేతిలో ఉంచుకో.

ఆండాళ్


ఆకెన్,
మే 2021

ఆండాళ్ పిన్నికి,

ఫోన్‌లో మీకు ముక్కలు ముక్కలుగా చెప్పాను. మొత్తం రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఆకెన్ నుంచి జీగెన్‌కు నేరుగా వెళ్లే రైలెక్కాను. పెట్టె దాదాపు ఖాళీ. కొండ మీది వీధిలో మూడంతస్తుల ఇల్లు. బెల్లు కొట్టాను. లోపల అడుగుల చప్పుడు వచ్చి తలుపు దగ్గర ఆగింది.

"ఎవరు పంపిండ్రు నిన్ను?"

"ఆండాళ్ పిన్ని. నేను శ్యామలాదేవి గారి అబ్బాయిని."

గొళ్లెం సరిచూసుకున్న చప్పుడైంది. తర్వాత, "మాస్కు తీసి లైటు కింద నిలబడు," అంది.

నిలబడ్డాను. తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూస్తోందని తెలుస్తోంది. గొళ్లెం తీస్తూ, "ఆ ముక్కు అమ్మదే," అంది. నాతో కాదు, తనతోనే అనుకుంది.

సంచులు అప్పటికే కట్టి ఉన్నాయి. ఈషా షూ లేసులు కట్టుకుంటోంది. పదేళ్లుంటాయేమో. తల్లి తెలుగులో అడిగినదానికల్లా జర్మన్‌లో జవాబిస్తోంది. మా ఇంటికి వెళదామన్నాను. గీతిక గది సర్దిందన్నాను. మంగ ఒప్పుకుంది. మెట్లు దిగాం. వీధి తలుపు తీసేసరికి అతను ఎదుటి కాలిబాట మీద ఉన్నాడు. ముందురోజు బడి నుంచి ఈషా వెనకే నడిచి ఇల్లు చూసుకున్నాడని తర్వాత తెలిసింది.

మాస్కు గడ్డం కిందికి లాగి నవ్వాడు. "మంగా, లొల్లి ఏం లేదు. బిడ్డను ఒక్కసారి చూసుకోనియ్యి," అన్నాడు.

నేను అడ్డంగా నిలబడ్డాను. "దగ్గరికి రాకండి, కోర్టు ఆర్డర్ ఉంది," అన్నాను.

అతను నన్ను చూసి ఇంకా నవ్వాడు. "నువ్వే గదా అన్నా చెప్పినవ్. ఫొటో పంపినవ్. ఇప్పుడు నువ్వే రావద్దంటవా?"

నా వెనక మంగ ఆ మాటలన్నీ వింది. నేను వెనక్కి తిరగలేదు. తిరిగే ముఖం లేదు. అతను రోడ్డు మీదికి అడుగు వేశాడు. అప్పుడు మంగ నన్ను పక్కకు తోసి ముందుకు వచ్చింది. చేతిలో ఫోన్. పోలీసులతో జర్మన్‌లో మాట్లాడుతోంది. తన పేరు, వీధి పేరు, అతని పేరు, కోర్టు పేరు. ఒక్క మాట తడబడలేదు. చూపు అతని మీద నుంచి తిప్పలేదు. ఎదురింటి కిటికీలోంచి ఒక ముసలావిడ తల బయటపెట్టి, ఏమిటని గట్టిగా అడిగింది. అతను అటూ ఇటూ చూసి, మాస్కు పైకి లాక్కుని వేగంగా దిగువకు నడిచాడు. రైల్వే స్టేషన్‌లో పట్టుకున్నారని పోలీసులు వచ్చాక చెప్పారు.

అంతా అయ్యాక మంగ నా వైపు తిరిగింది.

"నువ్వు పంపినవా ఫొటో?"

"తెలియక పంపాను. క్షమించండి."

"ఎనిమిదేండ్లు," అంది. "ఎనిమిదేండ్లు మీ అమ్మ నా పేరు నీకు సుత చెప్పలే."

మా ఇంటికి రానంది. పోలీసుల బండిలో ఫ్రావెన్‌హౌస్‌కు వెళ్లిపోయారు, ఆడవాళ్లకు రక్షణ ఇచ్చే ఇల్లు. ఎక్కడో నాకు చెప్పలేదు. చెప్పకపోవడమే సరైనది. ఖాళీ చేతులతో తిరుగు రైలెక్కాను. గ్రూపులో ఫొటో తీసేశాను. తీసేస్తే ఏమొస్తుంది?

సభలో నేను మాట్లాడను. నాకా అర్హత లేదు.

శశి


ఎర్లాంగెన్,
జూన్ 2021

చిరంజీవి శశికి,

మంగ క్షేమంగా ఉంది. ముందు అది విను. లక్ష్మణరావు మీద కేసు నడుస్తోంది. కోర్టు ఆజ్ఞ మీరినందుకు ఈసారి తేలిగ్గా వదలరని లాయరు అంటోంది. కానీ మంగ జీగెన్‌లో ఉద్యోగం వదులుకుంది. ఈషా బడి, స్నేహితులు, అన్నీ పోయాయి. ఇంకో ఊళ్లో మళ్లీ మొదటి నుంచి. ఇది నీకు తెలియాలి కాబట్టి తీపి పూయకుండా రాస్తున్నాను.

చలపతి గారు నిన్న మా ఇంటికి వచ్చారు. బాల్కనీలో దూరంగా కూర్చున్నారు. విషయం ఆయన చెవిన పడింది. "జరిగింది పాపమే గానీ ఆండాళ్ గారూ, సభలో ఈ సంసారాల గొడవలు ఎత్తొద్దు. లక్ష్మణరావు బంధువులు మన సంఘంలో ఉన్నారు. బయట మన పరువేం కావాలి? పండుగలు, బడి, స్టూడెంట్లు, ఇవి చాలవా?" అన్నారు.

"శ్యామల పరువు దేంట్లో ఉందో మీకు తెలుసా?" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. కాఫీ సగంలో వదిలేసి వెళ్లారు. సభ కోసం శ్యామల గురించి నేను రాసిచ్చిన నాలుగు మాటలు చదవనివ్వనని సాయంత్రం మెసేజ్ పెట్టారు.

నేనెలాగూ రాలేను. పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషన్ తేదీ సభ వారంలోనే పడింది. కాబట్టి అక్కడ నిలబడాల్సింది నువ్వే. అర్హత లేదని రాశావు. మరి ఎవరికుంది? తప్పు చేశాక మూల కూర్చుంటే నీ మనసు తేలికవుతుందేమో. మంగకు ఒరిగేదేమీ లేదు.

ఇంకో మాట. ఇదంతా మంగకు ఫోన్‌లో చెప్పాను. సభ తారీఖు అడిగింది. ఎందుకని నేను అడగలేదు.

పిన్ని


ఆకెన్,
జూలై 2021

ఆండాళ్ పిన్నికి,

ఆపరేషన్ బాగా జరిగిందని నర్సు చెప్పింది. చూడటానికి ఎవరినీ రానివ్వడం లేదట. అందుకే సభ సంగతి రాసి పంపుతున్నాను.

చర్చి వెనక పచ్చిక మీద దూరదూరంగా కుర్చీలు వేశారు. అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు. ముందు వరసలో సంఘం పెద్దలు. చలపతి గారు దీపం వెలిగించి "అందరి అమ్మ" గురించి మాట్లాడారు. తర్వాత నన్ను పిలిచి ఆ కాగితం చేతికిచ్చారు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మెట్ల సంగతి చెప్పాను, ఆసుపత్రిలో అమ్మ డాక్టరుతో అన్న మాట చెప్పాను. ఎవరి గురించో చెప్పలేదు. "మా అమ్మ చేసిన పనిలో నాకు తెలిసింది చాలా కొంచెం. నా తెలియనితనం వల్ల ఈ ఏడు ఒక తల్లీ బిడ్డా ఇల్లు వదులుకోవలసి వచ్చింది. తెలిసినవాళ్లు ఇక్కడ ఉంటే, వాళ్లకు ఇష్టమైతే, మాట్లాడాలి," అని దిగాను.

ముందు వరసలో ఎవరో దగ్గారు. చలపతి గారు మైకు అందుకోబోయారు. అప్పుడు చివరి వరసలోంచి ఒకావిడ లేచింది. మాస్కు తీసేదాకా నేనూ గుర్తుపట్టలేదు.

"నా పేరు మంగ," అంది.

మైకు తీసుకోలేదు. ఉన్నచోటనే నిలబడి చెప్పింది. చెయ్యి విరిగిన రోజు, గడియ పెట్టుకున్న స్నానాల గది, అన్నీ. ముందు వరసలోని ఒకావిడ, లక్ష్మణరావు పిన్నమ్మ అట, "ఇదంతా ఇక్కడెందుకు?" అని గట్టిగా అంది. "అమ్మా, టైము అవుతోంది, చివరగా..." అన్నారు చలపతి గారు.

"ఇన్నేండ్లు నా పేరు దాస్తే నేను బతికిన," అంది మంగ. "అయినా మొన్న వానికి నా జాడ ఎట్లనో దొరికింది. ఇంక నేను పేరు దాసుకునుడు ఎందుకు? నన్ను బతికిచ్చిన మనిషి పండుగలు చేసిందని చెప్తే నేను ఊకుంటనా? నేను చెప్పిన. మీరందరు విన్నరు. రేపు వాడు మెట్ల మీద జారిపడ్డదంటే, జారిపడలేదని మీకు ఎరుకే."

చలపతి గారు మైకు స్టాండుకు పెట్టి కూర్చున్నారు. తల దించుకున్నారు. సిగ్గో కోపమో నేను చెప్పలేను. ఒకరిద్దరు లేచి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు కదల్లేదు. ఇంకెవరూ లేచి చెప్పలేదు పిన్నీ. కానీ సభ అయ్యాక కొందరు ఆడవాళ్లు మంగ దగ్గరికి వెళ్లి కాసేపు పక్కన నిలబడి వచ్చారు. వాళ్లెవరని నేను అడగలేదు.

మంగ నాతో ఎక్కువ మాట్లాడలేదు. "కాగితం సదవకుంట మంచి పని చేసినవ్," అంది. క్షమించానని అనలేదు. నేను అడగలేదు.

బస్సు కోసం వాళ్లు ఎదురుచూస్తుంటే ఈషా నా పక్కకు వచ్చి నిలబడింది. జర్మన్‌లో అడిగింది, "అందరూ ఆమె ఏం చేసిందో చెప్పారు. ఇంట్లో ఎలా ఉండేది?"

చలపతి గారికి తెలియదు. మంగకు తెలియదు. మీకు కూడా అంతా తెలియదు. వీళ్లందరిలో నాకొక్కడికే తెలిసింది అదొక్కటే.

పని నుంచి రాగానే వంటింట్లో హీటరుకు వీపు ఆనించి నేల మీద కూర్చునేదని చెప్పాను. మాగాయ పచ్చడి కలిపిన అన్నం గిన్నెలోంచే తినేదని, తినడం అయ్యేదాకా ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదని, చివరి ముద్ద మాత్రం నేను పెద్దవాణ్నయ్యాక కూడా నా నోట్లోనే పెట్టేదని చెప్పాను. ఈషా నవ్వింది. "ఇంకా?" అంది.

బస్సు వచ్చింది. మంగ దాని వైపు చూసి, మా వైపు చూసి, ఎక్కలేదు. తర్వాతి బస్సుకు వెళదామంది.

శశికాంత్